మా అత్తా, నేనూ, విశాఖ ట్రయథ్లానూ

అనంతపురంలో నేను పనిచేసే ల్యాబ్‌కి రక్తం ఇవ్వడానికి వచ్చేవాళ్లు ఈమధ్య సూదిని చూసి భయపడటం మరిచిపోయి నా మొహం చూస్తున్నారు. ముక్కు మీద తోలు ఊడిపోతోంది, మెడ వెనక కమిలి నల్లబడింది. "యాడికి పోయొచ్చినారు మేడం?" అంటారు. విశాఖపట్నం అంటే సింహాచలమా, అరకా అని అడుగుతారు. రెండూ చూడలేదు, సముద్రంలో ఈది, సైకిలు తొక్కి, పరిగెత్తి వచ్చాను అని చెబితే, చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి "ఎందుకు?" అంటారు. సూది గుచ్చే సమయంలో దానికి జవాబు చెప్పడం కుదరదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ట్రయథ్లాన్ అంటే మూడు పందేలు ఒకదాని వెనక ఒకటి. మధ్యలో విశ్రాంతి ఉండదు. తడి కాళ్లు తుడుచుకుని బూట్లు వేసుకునే టైము కూడా మన ఖాతాలోకే వస్తుంది. నేను ఎంచుకున్నది చిన్నరకం: సముద్రంలో ముప్పావు కిలోమీటరు ఈత, ఇరవై కిలోమీటర్ల సైకిలు, ఐదు కిలోమీటర్ల పరుగు. నా వయసు నలభై నాలుగు. మా ల్యాబ్‌లో ఒకసారి ఊరికే నా రక్తం నేనే పరీక్ష చేసుకుంటే షుగరు సరిగ్గా గీత మీద నిలబడి ఉంది. ఆ భయంతో నడక మొదలుపెట్టాను. నడక కాస్తా కాలేజీ గ్రౌండులో పరుగైంది. మా అబ్బాయి వదిలేసిన గేర్ల సైకిలు నాదైంది. స్విమ్మింగ్ పూల్‌లో ఆడవాళ్లకి కేటాయించిన గంటలో ఈత నేర్చుకున్నాను. మూడూ వచ్చాక, మూడూ కలిపి ఒకసారి చేసి చూడాలన్న దురద పుట్టింది.

మా ఆయన బస్సు డిపోలో మెకానిక్కు, సెలవు దొరకలేదు. అబ్బాయికి పరీక్షలు. ఒక్కదాన్నే వెళతానంటే ఆయన సరే అన్నాడు. ఒప్పుకోనిది మా అత్త నారాయణమ్మ. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. దండెం మీద ఆరేసిన నా పందెం సూటుని, ఒంటికి అతుక్కుని మోకాళ్ల పైదాకానే ఉండేదాన్ని, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "ఇది ఏసుకోని అంతమంది మగోళ్ల మధ్యలో నువ్వొక్కదానివే నిలబడతావా? నేనూ వస్తా" అంది. ఆవిడ వస్తే సూటు పొడుగు ఎలా పెరుగుతుందో నాకు అర్థం కాలేదు. కానీ ఆవిడ అప్పటిదాకా సముద్రం చూడలేదని గుర్తొచ్చి రెండో టికెట్టు తీశాను.

ఆటో వెనక సైకిలు

విశాఖలో రైలు దిగేసరికి శుక్రవారం పొద్దున్న. పాత బొంతలో చుట్టి పంపిన సైకిలు రైల్లో క్షేమంగా వచ్చింది. దాన్ని ఆటో వెనక తాడుతో కట్టింది మాత్రం నేను. "ముడి గట్టిగున్నాదా అమ్మా?" అని డ్రైవరు అడిగితే, ఉంది అన్నాను. మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే ముడి ఊడింది. సైకిలు కుడివైపుకి పడింది. వెనక చక్రం పక్కన గేర్లు మార్చే భాగం లోపలికి వంగిపోయి, పెడలు తిప్పితే కరకరమంటోంది.

రోడ్డు పక్కన గొంతుక్కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నాను. మా అత్త నా వీపు మీద చెయ్యేసి, "ఇంతకీ ఈత ముందా, సైకిలు ముందా?" అని అడిగింది. ఈత ముందు అన్నాను. "మరి ముందుది చెడిపోల్యా గదా" అంది.

డ్రైవరు దిగి చూసి, "ఇంతోటి దానికి కంగారెందుకమ్మా? పూర్ణా మార్కెట్ కాడ కరీం భాయ్ ఉన్నాడు, ఎల్దాం పదండి. ఈసారి ముడి నానేత్తాను" అన్నాడు.

కరీం భాయ్ కొట్టు

పూర్ణా మార్కెట్ వెనక సందుల్లో మనిషికి మనిషి తగలకుండా నడవలేం. మా ఊరి మార్కెట్లో ఎటు చూసినా చింతపండు, వేరుశనక్కాయలు. ఇక్కడ ఒకవైపు ఎండుచేపల వాసన, ఒకవైపు అనాసపళ్ల వాసన, మధ్యలో ఏజెన్సీ కొండల నుంచి దిగిన పసుపు కొమ్ముల గుట్టలు, విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్టలు. మా అత్త నన్నూ సైకిల్నీ కొట్టు ముందు వదిలేసి మార్కెట్లోకి మాయమైంది.

కరీం భాయ్‌కి అరవై దాటి ఉంటాయి. తాతల కాలం నుంచి ఆ సందులోనే ఉంటున్నారట. సైకిలు తలకిందులు చేసి, చక్రం తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"ఏ ఊరు బేటీ?"

"అనంతపురం."

"అనంతపురం నుంచి దీని మీదొచ్చీసినావా?"

"లేదు భాయ్, రైల్లో తెచ్చాను. ఎల్లుండి ఋషికొండ దగ్గర పందెం ఉంది."

అప్పటికే అక్కడ స్టూలు మీద కూర్చుని బ్రేకు బిగించుకుంటున్న ఒకాయన తలెత్తాడు. నలభై లోపు మనిషి, గట్టి భుజాలు, పెద్ద నవ్వు. "ఈత, సైకిలు, పరుగు పందేనికేనా అక్కా? నానూ దానికే! ఇదే మొదటిసారి. మావోళ్లంతా పిచ్చి పట్టిందంతన్నారు. ఓలమ్మ, తోడు దొరికీసింది!" అన్నాడు. పేరు సన్నిబాబు. స్టీల్ ప్లాంటులో క్రేన్ నడుపుతాడు, ఉండేది గాజువాకలో, సొంతూరు బొబ్బిలి దగ్గర పల్లె.

కరీం భాయ్ రెంచీ పెట్టి వంగిన భాగాన్ని కొంచెం కొంచెంగా బయటికి లాగాడు. టీ తెప్పించాడు. మళ్లీ లాగాడు. చివరికి చేతులు తుడుచుకుంటూ, "సూడమ్మా, ఇంకా వంచితే ఇరిగిపోద్ది. కొత్త పార్టు సోమవారం గాని రాదు. మూడు గేర్లు మాత్రం ఆడేలాగ బిగించీసాను. ఎత్తు ఎక్కడానికి తేలిగ్గుండే గేర్లున్నాయి సూడు, వాటి జోలికెల్లకు. ఎల్లినావంటే గొలుసు సువ్వల్లో పడిపోద్ది" అన్నాడు.

"ఆ రోడ్డులో ఎత్తులున్నాయా?" అని అడిగాను.

కరీం భాయ్ సన్నిబాబు వైపు చూశాడు. సన్నిబాబు నవ్వు ఆపుకున్నాడు. "ఉన్నాయక్కా. మరి కొండలు కదా."

రెండొందలు తీసుకున్నాడు కరీం భాయ్. టీ డబ్బులు తీసుకోలేదు.

మా అత్త వచ్చేసరికి చేతిలో పసుపు సంచి, నెత్తి మీద అడ్డాకుల కట్ట. అన్నీ తిరుగు రైల్లో మా ఊరికి మోయాలి. సన్నిబాబు లేచి కట్ట దించి, "మధ్యాన్నం మా ఇంట్లో బోయినం సెయ్యాల్సిందే" అన్నాడు. గంట క్రితం పరిచయమైన మనిషి ఇంటికి భోజనానికి వెళ్లడం మా వైపు లేదు. నేను సర్దిచెప్పబోతుంటే మా అత్త అడిగింది: "మీకు సేద్యముందా నాయనా?"

"ఉన్నాదమ్మా. నాన్న చూస్తన్నాడు. చోళ్లు, నువ్వులు వేత్తాం."

"చోళ్లంటే ఏంది?"

"ఇంటికొచ్చి సూడండి మరి."

అంతే, మా అత్త బస్సు ఎక్కడ ఎక్కాలో అడగడం మొదలుపెట్టింది.

గాజువాకలో భోజనం

సైకిల్నీ సామాన్లనీ లాడ్జిలో పడేసి ఎక్కిన సిటీ బస్సులో కిటికీ సీటు మా అత్తది. పోర్టు పక్కనుంచి వెళుతుంటే ఎర్రటి గుట్టలు, నల్లటి గుట్టలు, వాటి మీద నీళ్లు చిమ్ముతున్న గొట్టాలు. గోదాముల మధ్య సందులోంచి ఉన్నట్టుండి ఓ పెద్ద ఓడ పక్కభాగం కనిపించింది. "మే సుజాతా, ఇంటెనకాల ఓడ ఉంది చూడు" అంది మా అత్త గట్టిగా. బస్సులో నలుగురు తిరిగి చూశారు. రోజూ చూసే ఓడని వాళ్లు కూడా వంగి మరీ చూశారు.

సన్నిబాబు భార్య రవణమ్మ. ఆయన ఫోను చేసినప్పటికి మేం బస్సులో ఉన్నాం, అయినా వెళ్లేసరికి వంజరం చేప ముక్కల పులుసు పొయ్యి మీద ఉడుకుతోంది. ముందు తాగమని గ్లాసుల్లో మజ్జిగ కలిపిన అంబలి ఇచ్చింది. మా అత్త ఒక గుక్క తాగి ఆగిపోయింది.

"ఇది రాగి గదా!"

"చోడి అంతామమ్మా మేం" అంది రవణమ్మ.

"రాగినేమ్మా ఇది! మేము దీన్నే ముద్ద చేసుకుంటాం. పిండి ఉందా?"

ఆ తర్వాత వంటింట్లోకి నన్ను రానివ్వలేదు. తెడ్డు లేకపోతే చపాతీ కర్రతో కెలికి మా అత్త సంగటి చేసింది. వంజరం పులుసులో రాగిసంగటి ముంచుకుని తినడం మా అనంతపురంలోగాని బొబ్బిలిలోగాని ఎవరూ చేసి ఉండరు. సన్నిబాబు మూడు ముద్దలు తిన్నాడు. పప్పుచారు దగ్గర మాత్రం మా అత్త చిక్కుకుంది. అందులో బెల్లం వేస్తారు వాళ్లు. "పాయసానికి తిరగవాత పెట్టినట్టుంది" అని నా చెవిలో చెప్పి, రవణమ్మతో "బాగుందమ్మా" అంది.

చేతులు కడుక్కునేటప్పుడు రవణమ్మ నన్ను పక్కకి పిలిచింది. "అక్కా, ఈయన నాగావళిలో ఈత నేర్సినోడు, నీళ్లంటే బెంగ నేదు. మోకాలే బాగోలేదు. పరిగెడితే ఏటైపోద్దో అని నా భయం."

"నాకు పరుగు ఫర్వాలేదు రవణమ్మా. సముద్రమంటేనే భయం. పూల్‌లో తప్ప ఎక్కడా ఈదలేదు" అన్నాను.

సన్నిబాబు విన్నాడు. "అయితే నీళ్లలో నాను మీ పక్కనుంతాను, రోడ్డు మీద మీరు నా పక్కనుండండి. సరా?" అన్నాడు. సరే అన్నాను. నా గుండె మీంచి సగం బరువు దిగింది.

ఋషికొండ, శనివారం

ఋషికొండ ఒడ్డున ఆటో దిగి మా అత్త నీళ్ల వైపు నాలుగడుగులు వేసి ఆగింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలా నిలబడిపోయింది. చివరికి, "దీనికి అవతలి గట్టు యాడుంది?" అంది.

"లేదత్తా."

"నువ్వు యాడిదాకా పోవాల?"

దూరంగా తేలుతున్న నారింజ రంగు బుడగ చూపించాను. దాన్ని చుట్టి రావాలి. ఆవిడ దాన్ని చూసింది, నన్ను చూసింది, ఇసకలో కూర్చుంది.

పేరు నమోదు చేయించుకుని, నీళ్లు అలవాటు కావాలని దిగాను. పూల్‌లో నీళ్లు మనం కదిపితే కదులుతాయి. ఇక్కడ నన్నే కదుపుతున్నాయి. నడుములోతు దాటకముందే ఒక అల ఎత్తి వెనక్కి పడేసింది. లేచి రెండు బారలు వేశానో లేదో ఇంకోటి వచ్చి నెత్తి మీద కూలింది. పైనెక్కడో కిందెక్కడో తెలియలేదు. ముక్కులోంచి ఉప్పునీళ్లు కారుతూ మోకాళ్ల మీద ఒడ్డుకి పాక్కుంటూ వచ్చాను.

"నాకొద్దత్తా. ఇంటికి పోదాం" అన్నాను.

"సరే, పోదాం" అంది వెంటనే. "టికెట్టు ఎప్పటికి?"

"సోమవారానికి."

"అయితే రేపంతా ఏం చేస్తాం?"

ఆవిడ మరమరాల మిక్చరు పొట్లం కొనుక్కొచ్చింది. నిమ్మకాయ, ఉల్లిపాయ దట్టంగా వేసి ఇరవై రూపాయలు. తిన్నాం. బొండాలమ్మేవాడి దగ్గరికి వెళ్లి "టెంకాయ నీళ్లు ఇయ్యప్పా" అంది. అతను కొట్టిన ముదురు కాయ తెచ్చిచ్చాడు. నీళ్లకైతే బొండాం అని అడగాలట ఇక్కడ. ఆ గొడవ తేలేసరికి నా భయం కాస్త తగ్గింది.

డ్యూటీ దిగి సన్నిబాబు మధ్యాహ్నానికి వచ్చాడు. జరిగింది చెప్పాను. "అల మీదకెక్కితే అది ఊరుకోదక్కా. అది ఇరిగేముందే తలొంచి కిందనుంచి దూరీండి. ఒక్కసారి రండి, నచ్చకపోతే ఎనక్కొచ్చీద్దాం" అన్నాడు.

వెళ్లాను. మొదటి అల కింద దూరాను, రెండోదాని కింద దూరాను, మూడోదాంట్లో ఇసక మింగాను. ఆ తర్వాత ఉన్నట్టుండి అలలు మా వెనక ఉన్నాయి. అవతల నీళ్లు మెల్లగా పైకి లేచి మెల్లగా దిగుతున్నాయి. వెల్లకిలా పడుకుని ఒడ్డుకేసి చూస్తే మా అత్త నిలబడి ఉంది, చీర కుచ్చిళ్లు నీళ్లలో తడుస్తున్నా చూసుకోకుండా.

లాడ్జికి వెళుతూ, "రేపు చూద్దాం" అన్నాను. ఆవిడ తడి కుచ్చిళ్లు పిండుకుంటూ నడిచింది.

నీళ్లలో

పందెం రోజు పొద్దున్నే మా ఒప్పందం చెడింది. మగవాళ్లని ముందు, ఆడవాళ్లని కాసేపాగి తర్వాత వదులుతారట. సన్నిబాబు వెళ్లి నిర్వాహకుల్ని బతిమాలి చూశాడు. కుదరదన్నారు. "కింద నుంచి దూరీండి అక్కా, మరిసిపోకండి" అని అరుస్తూ గుంపుతో పరిగెత్తి నీళ్లలో పడ్డాడు.

మా వంతు వచ్చింది. అందరి నెత్తినా గులాబీ రంగు టోపీలు, ఎడమ చీలమండకి మన టైము కంప్యూటరుకి చేరవేసే పట్టీ. ఈలతోపాటు నేనూ పరిగెత్తాను. అలలు దాటాను. అది అయిపోయింది కదా అన్న ధీమాలో తల పైకెత్తి చూస్తే నారింజ బుడగ శనివారం కంటే దూరంగా కనిపించింది. ముందున్నవాళ్లు వెళ్లిపోతున్నారు. కిందికి చూస్తే అడుగు కనపడదు, పచ్చటి చీకటి. ఊపిరి పీల్చాల్సిన చోట నీళ్లు మింగాను. చెయ్యి ఎత్తాను.

పక్కనే ఉన్న ఫైబర్ తెప్ప నా దగ్గరికి వచ్చింది. అందులో బనీను, లుంగీతో ఒక మత్స్యకారుడు, పందెంవాళ్లు కాపలాకి పెట్టిన మనిషి. పేరు ఎల్లాజీ అని తర్వాత తెలిసింది. నేను తెప్ప అంచు పట్టుకుని వేలాడాను.

"ఎక్కేత్తావేటమ్మా?"

"ఎక్కితే పందెం పోతుందా?"

"ఎక్కితే పోద్ది. పట్టుకుంటే పోదు. తెప్ప కదపకూడదంతే, మాకు సెప్పీసారు. పట్టుకో. తొందరేటి?"

పట్టుకున్నాను. ఆయన తీరిగ్గా బీడీ తీయబోయి మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. "ఏ ఊరు?" అన్నాడు. చెప్పాను. "అక్కడ సముద్రం నేదు కదా?" లేదన్నాను. "మరి ఏట్లో నేర్సుకున్నావా?" మా ఏట్లోనూ నీళ్లుండవన్నాను. ఆయన నన్ను పైనుంచి కిందిదాకా చూసి నవ్వాడు. "ఏట్లో నీల్లు నేవు, సముద్రం నేదు, అయినా ఇంతవరకొచ్చీసినావు!"

నవ్వొచ్చింది. నవ్వితే ఊపిరి ఆడింది. కాళ్లు తన్ని సర్దుకుని అంచు వదిలేశాను. ఆ తన్నుడులోనే చీలమండ పట్టీ ఊడిపోయిందని నాకప్పుడు తెలియదు. తెప్ప నా పక్కనే బుడగ దాకా వచ్చింది. బుడగ తిరిగాక, ఒడ్డు కళ్ల ముందుంటే ఈత వేరుగా ఉంటుంది. వెనకనుంచి వచ్చిన ఒక అల నన్ను ఎత్తుకెళ్లి ఇసకలో దింపింది. నీళ్లలోంచి చివరగా లేచినదాన్ని నేనే.

రోడ్డు మీద

నాకు చిన్నప్పటినుంచి తెలిసిన పనులు రెండే మిగిలాయి. భీమిలి రోడ్డులో కుడివైపు సముద్రం, ఎడమవైపు కొండలు, వెళ్లేటప్పుడు గాలి వీపు మీద. మా ఊరి రోడ్లమీద సైకిలు తొక్కేది తెల్లారేలోపే, ఎండెక్కితే తారు అంటుకుంటుంది. ఇక్కడ చలికాలపు ఎండ మెత్తగా ఉన్నట్టే అనిపించింది. జీడిమామిడి తోటల పక్కనుంచి, వలలు ఆరేసిన పల్లెల పక్కనుంచి వెళుతుంటే మనసు తేలికైంది. తొట్లకొండ దగ్గర ఎత్తు మొదలయ్యేదాకా.

కరీం భాయ్ మాట నిజమైంది. ఉన్న మూడు గేర్లలో ఒక్కటీ ఎత్తుకి పనికిరాలేదు. పెడలు మీద నిలబడి తొక్కాను, తొడలు మండిపోయాయి, ఇక లాభం లేదని దిగి నెట్టుకుంటూ నడిచాను. రోడ్డు పక్క చేపల గంపతో వెళుతున్న ఒకావిడ నాతో సమానంగా నడుస్తూ, "పంచరైపోనాదా?" అని అడిగింది. కాదు, ఎక్కలేక అన్నాను. "నాకైతే ఎత్తైనా పల్లమైనా ఒకటే" అని గంప సర్దుకుని నన్ను దాటి వెళ్లిపోయింది. ఆ పందెంలో నన్ను దాటిన ఆఖరి మనిషి ఆవిడే. నా వెనక ఇంకెవరూ లేరు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర వెనక్కి తిరిగి, ఎదురుగాలిలో ఋషికొండకి వచ్చి సైకిలు ఆనించేసరికి అక్కడి సైకిళ్లన్నీ ఎప్పుడో వచ్చేశాయి. పరుగు మొదలుపెట్టాను. కాళ్లు నావి కావనిపించింది కాసేపు, తర్వాత దారికొచ్చాయి. పోలీసులు అప్పుడే ఆటోలని వదలడం మొదలుపెట్టారు. తిరుగుదారిలో, గమ్యం ఇంకా మలుపు అవతలుండగానే ఎదురుగా సన్నిబాబు కుంటుకుంటూ వస్తూ కనిపించాడు. మెడలో పతకం.

"అక్కా, బేగి రండి! అక్కడ మీ అత్తగారు గొడవెట్టుకున్నారు!"

కమాను దగ్గర

నేను లేనప్పుడు జరిగింది వాళ్లిద్దరూ చెప్పగా తెలిసింది.

గమ్యం దగ్గర గాలి నింపిన పెద్ద కమాను ఉంది. మోటారుతో గాలి కొడుతూ ఉంటేనే అది నిలబడుతుంది. కంప్యూటరు ప్రకారం ఆఖరి మనిషి వచ్చేశారు, అందుకని మోటారు ఆపేశారు. కమాను వంగడం మొదలైంది. మా అత్త మైకు పట్టుకున్న నిర్వాహకుడి దగ్గరికి వెళ్లి, "నా కోడలు ఇంకా రాల్యా" అంది.

ఆయన నా నంబరు చూసి చెప్పాడు. "ఆవిడ ఈతలోనే ఆపేశారమ్మా. నీళ్లలోంచి బయటికొచ్చినట్టు లేదు. బోటు దగ్గరికెళ్లారని మావాళ్లు చెప్పారు కూడా. లాడ్జికి వెళ్లిపోయుంటారు."

"ఎక్కల్యా. బోటు పట్టుకుంది. మళ్లా వదిలింది. ఆడ తిరిగింది, ఈడికొచ్చింది, సైకిలెక్కి పోయింది. నేను కండ్లారా చూస్తాండా పొద్దుట్నుంచీ. మీ కంప్యూటరు చూసిందా?"

"టైము రాలేదు కదమ్మా..."

"టైము రాకపోతే మనిషి రాదా? ముందు దానికి గాలి కొట్టు నాయనా!"

అని వెళ్లి ఆ మోటారు పక్కనే నిలబడింది. విప్పడానికి వచ్చినవాళ్లని దగ్గరికి రానివ్వలేదు. సన్నిబాబు కూడా వచ్చి, తను తిరిగొచ్చేటప్పుడు నేను సైకిలు మీద ఎదురొచ్చానని చెప్పాడు. చివరికి నిర్వాహకుడు మోటారు వెయ్యమన్నాడు.

నేను మలుపు తిరిగేసరికి కనిపించింది ఇది: కమాను ఒక కాలు లేచి నిలబడింది, రెండోది ఇంకా వాలి ఉంది, పైభాగం మధ్యలో కుంగిపోయింది. దాని పక్కన నడుముకి కొంగు బిగించి మా అత్త. ఆవిడ చెయ్యి ఊపలేదు, అరవలేదు. నా మీంచి చూపు తిప్పకుండా నిలబడింది. పక్కన కుంటుతున్న సన్నిబాబు కోసం నేను మెల్లగా వస్తున్నానో, నాకోసం ఆయన కుంటుతున్నాడో తెలియకుండా ఇద్దరం ఆ ఆఖరి దూరం వచ్చాం. కమాను కింద దూరడానికి తల వంచాల్సొచ్చింది.

నిర్వాహకుడు నా చీలమండ చూశాడు. పట్టీ లేదు. నొచ్చుకున్నాడు. "మీకు టైము ఇవ్వలేమండీ. కానీ పూర్తి చేశారు" అని పతకం మెళ్లో వేశాడు. ఫలితాల్లో నా పేరు పక్కన ఇప్పటికీ గీతే ఉంది. ఎన్నో స్థానం అని ల్యాబ్‌లో అడిగేవాళ్లకి ఆ గీతే చూపిస్తున్నాను.

రవణమ్మ డబ్బాలో పులిహోర తెచ్చింది. ఒడ్డున అడ్డాకులేసుకుని నలుగురం తిన్నాం. తెప్ప ఒడ్డుకి లాగుతున్న ఎల్లాజీని కూడా పిలిచాను. చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చుని, "ఈమేనా మీ కోడలు? గట్టిదే" అన్నాడు మా అత్తతో. మా అత్త ఆయన ఆకులో ఇంకాస్త పులిహోర వేసింది.

లాడ్జిలో

సాయంత్రానికి నా కాళ్లు కర్రలైపోయాయి. మెట్లు ఎక్కడానికి రెయిలింగు, మా అత్త భుజం రెండూ కావలసొచ్చాయి. మంచం మీద పడ్డాను. ఆవిడ కిందికెళ్లి కొబ్బరినూనె పాకెట్టు కొనుక్కొచ్చి, లాడ్జివాళ్ల వంటింట్లో గోరువెచ్చగా కాచి గిన్నెలో తెచ్చింది. నా కాళ్ల దగ్గర మంచం మీద కూర్చుంది.

నేను కాళ్లు ముడుచుకున్నాను. "వద్దత్తా. నువ్వు నా కాళ్లు పట్టడమేంది? నాకు పాపం తగుల్తుంది."

పెళ్లై వచ్చిన కొత్తలో ఆవిడ కాళ్లకి నేను నూనె రాసేదాన్ని. మా వీధిలో ఏ ఇంట్లోనైనా జరిగేది అదే. దాన్ని తిరగేసిన ఇల్లు నేను చూడలేదు.

"ఇట్ల చాపు" అంది. నేను చాపలేదు. ఆవిడే ఒక కాలు లాక్కుని ఒళ్లో పెట్టుకుని పిక్క మీద బొటనవేలితో నొక్కడం మొదలుపెట్టింది. నొప్పికి కేక పెట్టాను. పట్టించుకోలేదు.

కాసేపటికి, తల ఎత్తకుండానే అంది. "పొద్దున్న నువ్వు ఆ నీళ్లలో చెయ్యెత్తినావు చూడు. అప్పుడు నీ నెత్తి కనపడల్యా నాకు కొంచేపు. తెప్ప అడ్డమొచ్చింది."

"అవునత్తా."

"నా కొడుక్కి ఏం చెప్పాల్నని మతికి రాల్యా నాకు. మనవడు మతికి రాల్యా. ఇంగ నేనెట్ల బతకాల్నని మతికొచ్చింది."

కిటికీలోంచి రోడ్డు మీద ఆటోల హారన్లు వినబడుతున్నాయి. ఆవిడ రెండో కాలు కూడా ఒళ్లోకి తీసుకుంది.

"బిగబట్టొద్దు మే" అంది. "వదులు."

వదిలేశాను.